మా తోడికోడలూ, నా హంసా

మా తోడికోడలిని పొగుడుతూ రాయడం నా వల్ల కాదు. ఉన్నదున్నట్టు రాయమంటే మాత్రం నా అంత బాగా ఇంకెవరూ రాయలేరు. మూడేళ్లుగా ఆమెని నేను గమనించినంత శ్రద్ధగా కట్టుకున్న మా మరిది కూడా గమనించి ఉండడు. టీలో చక్కెర ఎన్ని చెంచాలు వేసుకుంటుందో, కుర్చీ ఎంత ఎత్తు పెట్టుకుంటుందో, ఆమెతో మాట్లాడేటప్పుడు అత్తయ్య గొంతు ఎంత మెత్తబడుతుందో, అడిగితే తడుముకోకుండా చెప్పేస్తాను. దీన్ని అసూయ అంటారని నాకు తెలుసు. వేరే పేరు పెట్టి నన్ను నేను మోసం చేసుకోను.

మాది ఎంబ్రాయిడరీ పని. కింద వర్క్‌షాపు, పైన ఇల్లు. హోటల్ తువ్వాళ్ల మీద పేర్లు, స్కూలు చొక్కాల మీద బ్యాడ్జీలు, పిల్లల గౌన్ల మీద పువ్వులు, దిండు గలీబుల అంచులు, ఏది తెచ్చినా కుడతాం. అత్తయ్య ఒక్క తొక్కుడు మెషీన్‌తో మొదలుపెట్టింది. ఇప్పుడు పన్నెండేసి సూదుల మెషీన్లు రెండున్నాయి. మా ఆయనా మరిదీ వాటిని నడుపుతారు. అయితే మెషీన్‌కి సొంత బుర్ర ఉండదు. సూది ఎక్కడ దిగాలో, ఎటు తిరగాలో, ఏ రంగు దారం ఎప్పుడు అందుకోవాలో కంప్యూటర్లో ముందే గీసి ఇవ్వాలి. ఆ గీసేదాన్ని నేను.

గీసేదాన్ని నేనొక్కదాన్నే అని చెప్పుకునే రోజులు పదకొండేళ్లు నడిచాయి. ఈ ఇంట్లో కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేసింది నేనే. అంతకుముందు అంతా ట్రేసింగ్ కాగితం మీద పని. నమూనా కింద పెట్టి, దాని మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌తో దింపుకోవడం. కంప్యూటర్ వచ్చాక మూడు నెలలు తల బద్దలు కొట్టుకుని నేర్చుకున్నాను. ఇప్పటికీ ముందు కాగితం మీద దింపుకుంటే గానీ నా చెయ్యి మౌస్ మీదికి పోదు.

మా నమూనాల పుస్తకంలో మొదటి పేజీ నాది. ఎవరు ఆర్డర్ ఇవ్వడానికొచ్చినా అత్తయ్య ముందుగా ఆ పుస్తకం తెరుస్తుంది. తెరవగానే తెల్ల గుడ్డ మీద తెల్ల దారంతో కుట్టిన హంస. దాని మెడ చూడాలి మీరు. మెడ వంపు తిరిగే చోట లోపలి కుట్లు పొట్టిగా, బయటి కుట్లు పొడుగ్గా పడాలి. లేకపోతే గుడ్డ ముడుచుకుపోతుంది. ఆ వంపు కుదరడానికి నాకు ఇరవై మూడు రోజులు పట్టింది. పదేళ్లుగా ఆ పేజీ మారలేదు.

మూడేళ్ల కిందట మా మరిది పెళ్లయింది, ఆమె వచ్చింది. వచ్చేముందు ఒక రక్తపరీక్షల ల్యాబులో, కంప్యూటర్ గదిలో పనిచేసేదట. రోగుల రిపోర్టులు పోకుండా చూసుకోవడం ఆమె ఉద్యోగం. సన్నగా, కాస్త గూనిగా ఉంటుంది. మాట మెల్లగా, నడక మెల్లగా. జుట్టులో ఎప్పుడూ పెన్సిల్ గుచ్చుకుని ఉంటుంది, అది అక్కడే ఉందని మర్చిపోయి ఇల్లంతా వెతుకుతుంది. ఏ వస్తువు కొన్నా దాని కాగితం ఆసాంతం చదివాక గానీ పెట్టె విప్పదు. నేను ఆమెకి అన్నీ తెలిసినమ్మ అని పేరు పెట్టాను. మా ఆయన దగ్గర మాత్రమే అనేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు, అదొక మంట.

"అక్కా, నాకూ నేర్పరా?" అని అడిగింది వచ్చిన రెండో నెలలో. కాదనలేక నేర్పాను. ఏడాది తిరిగేసరికి ఆమె డిజైన్లని మెషీన్ నా వాటికన్నా తొందరగా కుట్టేస్తోందని మా మరిది అత్తయ్యతో అనడం నా చెవిన పడింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ సందేహం వచ్చినా "చిన్నమ్మాయిని పిలవండి" అనడం మొదలైంది. ప్రింటర్ ఆగితే చిన్నమ్మాయి. ఫోన్ పని చేయకపోతే చిన్నమ్మాయి. కుళాయి కారినా చిన్నమ్మాయే. నేను పెద్దమ్మాయిని. నన్ను పిలిచేది దారం అయిపోయినప్పుడు.

ఇలా ఉండగా ఒక సోమవారం కంప్యూటర్ మొరాయించింది. హంస ఫైలు తెరిస్తే తెర మీదికి రావడానికి నేను టీ పెట్టుకుని వచ్చేంత సేపు పట్టింది. డబ్బాలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. దుమ్మన్నాను నేను. ఫ్యానన్నాడు మా ఆయన. ఆమె వచ్చి డబ్బాకి చెవి ఆనించి కాసేపు విని, "హార్డ్ డిస్క్ అక్కా. పోయే ముందు ఇలాగే అంటుంది" అంది.

"పోతే ఏమవుతుందే?" అని అత్తయ్య కత్తెర పక్కన పెట్టింది.

"అక్క పద్నాలుగేళ్ల పని, నా మూడేళ్ల పని, డిజైన్లు గీసే ప్రోగ్రాం, అన్నీ అందులోనే ఉన్నాయి అత్తయ్యా. ప్రోగ్రాం సీడీ కనబడట్లేదు కాబట్టి ఫైళ్లొక్కటే తీసి దాచుకుంటే చాలదు. డిస్క్ మొత్తాన్ని కొత్త డిస్క్ మీదికి ఉన్నదున్నట్టు దింపాలి. దాన్ని క్లోనింగ్ అంటారు. ఆ తర్వాత కూడా వారం వారం బ్యాకప్ తీసి పెట్టుకోవాలి. రెండూ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి చూసి ఎంచుకుందాం."

సీడీ పోగొట్టింది నేను. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ అనలేదు, అనకపోవడమే నాకు ఎక్కువ మండింది.

"నీకు తెలిసినంత మాకేం తెలుసమ్మా, నువ్వే ఎంచు" అంది అత్తయ్య. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆ డబ్బాలో ఉన్న పనిలో ముప్పాతిక నాది. నువ్వేమంటావు పెద్దమ్మాయ్ అని మాటవరసకైనా అడగలేదు.

ఒక్క విషయంలో మాత్రం అత్తయ్య ఆమె మాట వినలేదు. చిన్నమ్మాయి వేరే రకం డిస్క్ కొందామంటే, "ఉన్నది మనకి కలిసొచ్చిన కంపెనీ, అదే తెండి" అని పట్టుబట్టింది. మా మరిది వెళ్లి అదే కంపెనీది, అదే సైజుది తెచ్చాడు. బల్ల మీద పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి రెండూ. నాకు లోపల చిన్న సంతోషం, ఆమె మాట ఒకటి చెల్లలేదని.

కొత్త డిస్క్‌ని ఆమె డబ్బాలోనే పాతదాని పక్కన బిగించింది. ఇక దింపెయ్యడమేగా అనుకున్నాం. అన్నీ తెలిసినమ్మ అలా చేస్తే ఇంకేం? మూడు సాఫ్ట్‌వేర్లు తెచ్చి ఒక్కోదాన్నీ పరీక్ష పెట్టడం మొదలుపెట్టింది. కొంత పని తీసి దాచడం, దాచినదాన్ని తన పాత ల్యాప్‌టాప్‌లోకి తిరిగి తెచ్చుకోవడం, తెచ్చుకున్న డిజైన్‌ని మెషీన్ మీద నిజంగానే కుట్టి చూడడం. ఇది రోజుల తరబడి. "దాచడం ఏ సాఫ్ట్‌వేరైనా చేస్తుంది అత్తయ్యా, తిరిగి ఇస్తుందా లేదా అన్నది చూసుకోవాలి" అనేది. ఆ మూడింటికీ పేర్లు కూడా పెట్టింది. మొదటిది తొందరదాసు, చకచకా చేసేస్తుంది గానీ చేసింది సరిగా ఉందో లేదో వెనక్కి తిరిగి చూడదు. రెండోది నంగనాచి, అన్నీ ఉచితం అంటుంది, చివరి బటన్ దగ్గర డబ్బు కట్టమంటుంది. మూడోది చాదస్తపాయన. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కో నంబర్లతో సహా చూపిస్తాడు, ఇది చెరిగిపోతుంది సరేనా అని రెండుసార్లు అడుగుతాడు, ఏ వారం దాచింది ఆ వారం విడిగా ఉంచుతాడు. అడిగితే అందులోంచి ఒక్క ఫైలునైనా తీసిస్తాడు. ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకునేది. అత్తయ్య మురిసిపోతూ వినేది. నేను పదేళ్ల కిందట హంస మెడ గురించి చెబితే అత్తయ్య ఆవులించింది.

ఆ వారంలోనే కొత్త హోటల్ వాళ్ల కబురు వచ్చింది. అన్ని గదులకీ తువ్వాళ్లు, గలీబులు, దుప్పట్లు, అన్నిటి మీదా ఒక పక్షి కావాలట. అత్తయ్య భోజనాల దగ్గర మామూలుగా అంది, "చిన్నమ్మాయ్, నువ్వూ ఒకటి గీయవే. హంసని చూసీ చూసీ జనానికి మొహం మొత్తి ఉంటుంది. బాగా కుదిరితే పుస్తకంలో మొదటి పేజీ కూడా మార్చేద్దాం." కలిపిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాను. మా ఆయన మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు, ఆయనకి అర్థమైందనుకుంటాను.

ఆ తర్వాతి వారం, బుధవారం మధ్యాహ్నం దారపు రీళ్ల కోసం ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను. ఆమె లేదు. ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. గీయడానికి కాకుండా చూడడానికి మాత్రమే పనికొచ్చే ప్రోగ్రాం ఏదో అందులో ఉంది, తెర నిండా నా హంస. మెడ దగ్గర పెద్దది చేసి, ఒక్కో కుట్టూ కనిపించేలా పెట్టుకుని ఉంది. పక్కన 'పెద్దమ్మాయి' అని నా ఫోల్డరు, లోపల నా గులాబీలు, నా సీతాకోకచిలుకలు, నా అంచులు, పందొమ్మిది వందల పైచిలుకు డిజైన్లు, అన్నీ ఆమె సొంత ల్యాప్‌టాప్‌లో. అరికాలి మంట నెత్తికెక్కింది. నేను ఏమనుకున్నానో దాచను. దొంగ అనుకున్నాను. పరీక్షల పేరు పెట్టి నా చేతి పనంతా తన సంచిలో వేసుకుంటోంది, నా హంస మెడ విరిచి తన పక్షికి తగిలించుకుంటుంది, మొదటి పేజీ ఎక్కుతుంది అనుకున్నాను.

నిలదీయాల్సింది. నేను తమ్ముడికి ఫోన్ చేశాను.

మా తమ్ముడు వేరే ఊళ్లో ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. "ఇంత చిన్నదానికి వారం ఏంటక్కా? నేను ఒకటి పంపిస్తా. పాత డిస్క్, కొత్త డిస్క్ చూపించు, ఉన్నదున్నట్టు దింపే పద్ధతి ఎంచుకో, ఖాళీ గడి కూడా వదలదు. రెండు గంటల్లో అయిపోతుంది" అన్నాడు. అదే నాకు కావలసింది. ఆమె వారం పాటు చేయలేనిది నేను రెండు గంటల్లో చేసి అందరి ముందూ పెట్టాలి. కంప్యూటర్ ఈ ఇంట్లో మొదట ఆన్ చేసింది ఎవరో గుర్తు చేయాలి.

గురువారం మధ్యాహ్నం అత్తయ్య హోటల్‌కి నమూనాలు చూపించడానికి బయల్దేరింది. ప్రతిసారీ పుస్తకం పట్టుకుని వెనకాల నడిచేదాన్ని నేను. ఆ రోజు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాక, "నువ్వుండు పెద్దమ్మాయ్, చిన్నదాన్ని తీసుకెళ్తాను, వాళ్లు ఏవేవో అడుగుతారు" అంది. నా హంస ఉన్న పుస్తకం చిన్నమ్మాయి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను చెప్పులు విప్పి తిన్నగా కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

తమ్ముడు పంపినది తెరిచాను. తెర మీద రెండు పెట్టెలు, ఒకదాని మీద ఒకటి. పక్కన చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. కింద రెండు డిస్కుల బొమ్మలు, ఒకే కంపెనీ పేరు, ఒకే సైజు, కవలలు. మొదటిది పాతది, రెండోది కొత్తది అని మాత్రం పోల్చుకున్నాను. ఏది ఏ పెట్టెలో పెట్టాలి? నేను ఆలోచించను కూడా లేదు, నా చెయ్యే పెట్టేసింది. పాతది కింద పెట్టెలో, కొత్తది పై పెట్టెలో. చిన్నప్పటి నుంచీ నేను దింపిన ప్రతి బొమ్మా అలాగే దింపాను. నమూనా కింద, ఖాళీ కాగితం పైన.

ఒక డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని ఒకసారి అడిగింది. కొత్తదాంట్లో ఏముంది చెరగడానికి, సరే అన్నాను. కంప్యూటర్ దానంతటదే ఆగి, మళ్లీ లేచి, నీలం తెర మీద ఒక తెల్ల గీత చూపించింది. ఆ గీత కుడివైపుకి జరుగుతుంటే నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. మధ్యలో లేచి టీ పెట్టుకున్నాను. ఆమె కుర్చీలో కూర్చుని తాగాను.

రెండు గంటలకి గీత నిండింది. కంప్యూటర్ ఆగింది. మళ్లీ లేవలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల వరుస ఒకటి వచ్చి కూర్చుంది. ఆపి ఆన్ చేశాను. మళ్లీ అదే. తమ్ముడికి ఫోన్ చేస్తే "పై పెట్టెలో ఏది పెట్టావక్కా?" అన్నాడు. చెప్పాను. "పై పెట్టెలోదే కింద పెట్టెలోకి దిగుతుందక్కా" అన్నాడు. ఖాళీ డిస్క్‌ని పద్నాలుగేళ్ల పని మీదికి ఉన్నదున్నట్టు దింపాను. గడి కూడా వదలకుండా.

తమ్ముడి సాఫ్ట్‌వేర్ జాడ కంప్యూటర్‌లో మిగల్లేదు, అదీ చెరిగిపోయిందిగా. నేను కత్తెర పట్టుకుని తువ్వాళ్ల దారాలు కత్తిరిస్తూ కూర్చున్నాను. వాళ్లు వచ్చేసరికి నా చేతిలో ఒకే తువ్వాలు ఉంది, దారాలు ఎప్పుడో అయిపోయాయి.

ఆమె కంప్యూటర్ చూసింది, డబ్బా విప్పింది, రెండు డిస్కులూ తీసి ఒక్కోదాన్నీ తన ల్యాప్‌టాప్‌కి తగిలించింది. అందరం చుట్టూ నిలబడ్డాం.

"రెండూ ఖాళీగా ఉన్నాయి" అంది.

"పోతుందన్నావుగా, పోయిందేమో" అన్నాడు మా మరిది.

ఆమె అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "ఆఁ... పోయింది" అంది చివరికి.

అత్తయ్య కుర్చీలో కూలబడింది. "పెద్దమ్మాయి పనంతా పోయిందా? పద్నాలుగేళ్లదీ?"

"లేదత్తయ్యా. అక్కవి ఉన్నాయి. చప్పుడు మొదలైన సోమవారమే తీశాను. పరీక్షలన్నీ అక్క ఫోల్డరు పెట్టే చేశాను. మూడు సాఫ్ట్‌వేర్ల దగ్గర మూడు కాపీలు, నా ల్యాప్‌టాప్‌లో ఒకటి. నాలుగున్నాయి."

"మరి నీవి?"

"డిస్క్ నీరసంగా ఉంది కదా, ఎక్కువ పరిగెత్తించడం ఎందుకని. రేపు మొత్తం దింపేటప్పుడు నావీ వస్తాయిలే అనుకున్నాను."

మూడేళ్లు, రెండు వందల పన్నెండు డిజైన్లు. అత్తయ్య ఆమెని దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. ఇక్కడ నేను రాయబోయేది చదివి మీరు నన్ను ఏమనుకున్నా ఫర్వాలేదు. ఆ చెయ్యి ఆమె వీపు మీద కదులుతుంటే, అంత జరిగాక కూడా, నాకు కుళ్లు పుట్టింది.

ప్రోగ్రాం అమ్మినవాళ్లని బతిమాలి మళ్లీ తెప్పించుకోవడానికి వారం పట్టింది. చెరిగినదాన్ని వెనక్కి తెచ్చేదేదైనా ఉందేమోనని ఆమె మూడు రోజులు కూర్చుంది. ఏమీ రాలేదు. ఆ రోజుల్లో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనున్న గదిలోకి వచ్చి, "అక్కకి టీ కావాలేమో అడగండి" అని మా ఆయనతో అనేది. ఇంట్లోవాళ్లు డిజైన్లు పోయిన దిగులనుకున్నారు. నాకొక్కదానికే తెలుసు అది దిగులు కాదని.

నేను చేయగలిగింది ఒక్కటే ఉంది. మేం కుట్టిన ప్రతి డిజైన్‌కీ మొదటి ముక్క నమూనాల పుస్తకాల్లో అతికించి పెడతాం. ఆమె ముక్కలున్న పుస్తకం తీసుకుని, ఒక్కోదాన్నీ కింద పెట్టి, పైన ట్రేసింగ్ కాగితం పరిచి, దింపడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు అందరూ నడుం వాల్చినప్పుడు గీసేదాన్ని. గీసిన కాగితాలు గుడ్డల అరలో అడుగున దాచేదాన్ని.

అలా వేలితో తడుముతూ, పెన్సిల్‌తో వెంబడిస్తూ పోతుంటే ఆమె పని మొదటిసారి సరిగ్గా చూశాను. సూది ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకాల్సి వస్తే మెషీన్ ఆగి దారం తెంపుతుంది. నా డిజైన్లలో సూది ఎన్నిసార్లు దూకుతుందో నాకు లెక్కే లేదు. ఆమె ఆకులో మొదలుపెట్టి, కాడ కింద నుంచి దారిచేసుకుని, పువ్వులోంచి పైకి వస్తుంది. ఎక్కడా తెగదు. మా మరిది చెప్పింది నిజమే. ఒప్పుకోవడానికి ఎనభై మూడు కాగితాలు పట్టింది నాకు. ఒప్పుకున్నాక అసూయ తగ్గుతుందనుకున్నాను గానీ ఇంకాస్త పెరిగింది.

పదకొండో రోజు, దుప్పటి గుడ్డ కోసం అర తెరిచి ఆమె ఆ కాగితాల కట్ట తీసింది. ఒక్కోటీ తిరగేసింది. తర్వాత స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఇవన్నీ నావి."

"ఊఁ."

"పై పెట్టెలో ఏ డిస్క్ పెట్టారు?"

"కొత్తది" అన్నాను.

"కిందో?"

"పాతది."

"ఎందుకక్కా?" అంది. కోపంగానే.

నేను బల్ల మీదున్న ఆమె మల్లెతీగ ముక్క చూపించాను, దాని మీద పరిచిన పల్చటి కాగితం చూపించాను. ఆమె కాసేపు ఆ కాగితాన్నీ, దాని కింద మసగ్గా కనబడుతున్న తీగనీ చూసింది. ఒక్కసారిగా నవ్వు తన్నుకొచ్చింది ఆమెకి. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నాకు ఆ రోజే తెలుసు. చెడిపోయిన డిస్క్ అసలు తెరుచుకోదు. ఇది శుభ్రంగా తెరుచుకుంది, లోపల ఏమీ లేదు."

"మరి అత్తయ్యకి ఎందుకు చెప్పలేదు?"

"మీరే చెబుతారేమో చూద్దామని. రోజూ మనసులో తిట్టుకుంటూ చూశాను."

"నా ఫోల్డరే ఎందుకు ముందు తీశావు?"

జుట్టులోంచి పెన్సిల్ తీసి మళ్లీ గుచ్చుకుంది. "నావి పోతే మీరు మళ్లీ గీయగలరు. మీవి పోతే నేను గీయలేను. రెండేళ్లుగా ఆ హంస మెడ తెరుచుకుని చూస్తున్నాను. ఒక్కో కుట్టూ లెక్కపెట్టాను. అయినా నాకు ఆ వంపు రావట్లేదు. పుస్తకం తెరిచినప్పుడల్లా దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, తెలుసా మీకు?"

నాకు తెలీదు. తెలిసిన ఆ క్షణంలో ఎంత సంతోషం వేసిందంటే, చేసిన తప్పు కూడా ఒక నిమిషం మర్చిపోయాను. మూడేళ్లుగా నాలో మండుతున్నదే ఆమెలోనూ మండుతోంది. అదీ నా హంస వల్ల!

ఆ సాయంత్రం అందరూ కిందే ఉండగా అత్తయ్యకి చెప్పేశాను, తమ్ముడి సంగతితో సహా. అత్తయ్య కత్తెర దించకుండానే విన్నది. మా ఆయన గోడ వైపు తిరిగాడు.

"సీడీ పోగొట్టిందీ నువ్వే కదూ?" అంది అత్తయ్య.

"అవునత్తయ్యా."

"మొదటి పేజీలో హంస అలాగే ఉంటుంది. నీ గొప్ప చూసి కాదు. హోటల్ కోసం చిన్నది గీసిన కొంగ అందులోనే పోయింది, పెట్టడానికి ఇంకోటి లేక."

కొంగ సంగతి నాకు అప్పుడే తెలిసింది. బుధవారమే గీయడం పూర్తి చేసిందట. శుక్రవారం డిస్క్ దింపాక కుడదామనుకుందట. నమూనా ముక్క లేదు, కాగితం లేదు, ఆమె తప్ప ఎవరూ చూడలేదు. "మీ హంస కంటే బాగా వచ్చింది అక్కా" అంది, గొప్పకి కాదు, ఉన్న మాట చెబుతున్నట్టే. అబద్ధం అందామంటే కుదరదు. సాక్ష్యాన్ని చెరిపేసింది నేనే.

హోటల్ వాళ్లు హంసతోనే సరిపెట్టుకున్నారు. ఆమె డిజైన్లలో నమూనా ముక్కలున్నవి నూట డెబ్బై. అన్నీ గీసి ఇచ్చాను. తొంభయ్యో కాగితం దగ్గర ఆమె నా పక్కన కూర్చుని దారి ఎక్కడ మొదలవుతుందో చూపించింది. నేను ఆమెకి మెడ వంపు నేర్పాను, లోపలి కుట్లు పొట్టిగా, బయటి కుట్లు పొడుగ్గా. ఇంకా కుట్టకుండా ఉన్న మిగతా నలభై రెండూ పోయినట్టే.

సాఫ్ట్‌వేర్లలో చాదస్తపాయన నెగ్గాడు. "రెండుసార్లు కాదు, వదిననైతే పదిసార్లు అడగాలి" అన్నాడు మా మరిది. ఈసారి రెండు డిస్కులకీ వేరు వేరు పేర్లు పెట్టింది ఆమె. దింపేటప్పుడు ఏది ఎందులోకో నా చేత పైకి చదివించింది. బ్యాకప్ తీసే పని ప్రతి శుక్రవారం నాది. అత్తయ్య శిక్షగా వేసింది గానీ, నాకు ఇష్టంగానే ఉంది. 'చిన్నమ్మాయి' ఫోల్డరు ముందు, నాది తర్వాత.

ఆమె ఆ కొంగని మళ్లీ గీయడానికి చూస్తూనే ఉంది. ఇప్పటికి మూడుసార్లు పూర్తిగా గీసింది. మూడుసార్లూ కొన్ని రోజులు చూసుకుని, "ఇది కాదక్కా, అది వేరే" అని చెరిపేసింది. అయితే ఆమె చెరిపేలోపు ప్రతిసారీ ఒక శుక్రవారం మధ్యలో పడింది. ఏ వారానిది ఆ వారం విడిగా ఉంచుతాడని చాదస్తపాయన గురించి నోట్‌బుక్‌లో రాసుకున్నది ఆమే. రాసుకుని మర్చిపోయినట్టుంది, జుట్టులో పెన్సిల్ లాగా.

నేను తీసిన బ్యాకప్పుల్లో మూడు కొంగలూ ఉన్నాయి. ఎవరూ లేనప్పుడు తీసి చూస్తుంటాను. మూడోది ఒంటికాలి మీద నిలబడి, మెడ వెనక్కి తిప్పి, ఎవరో పిలిచినట్టు చూస్తుంది. మెడ వంపు నేను నేర్పిందే. ఆ చూపు నాది కాదు, నాకు ఎప్పటికీ రాదు. నా హంస కంటే బాగుంది.

ఆమెకి చెబుతాను. అత్తయ్యకీ చూపిస్తాను. రేపు శుక్రవారం, రేపే చెప్పేద్దామని కూడా ఉంది. కానీ పదేళ్లుగా ఉన్న పేజీ కదా, ఇంకొక్క వారం ఉండనివ్వండి.